కాంతం బొటనవేలు

"బూడిద సేతుల్తో ముట్టుకోకండే అని ఎన్నిసార్లు సెప్పాలి మీకు?"

కాంతం కసురుకుంటూనే కొంగుతో వేలిముద్రల హాజరు యంత్రం గాజు తుడిచింది. వరసలో ముందున్న ఆడమనిషి నాలుక కరుచుకుని, వేలికి అంటిన బూడిదను చీరకు రాసుకుని, మళ్ళీ పెట్టింది. ఎర్ర దీపమే వెలిగింది. గోడకు బిగించిన ఆ నల్ల పెట్టెలోంచి ఎవరో పట్నం ఆడమనిషి తీయని గొంతుతో, దయచేసి మళ్ళీ ప్రయత్నించమంది. దాని తీపి తగలెయ్య, పొద్దుటి నుంచి అదే మాట.

వాళ్ళ తప్పేముంది? జీడి పిక్క ముట్టుకోబోయే ముందు వేళ్ళు ఆముదంలో, ఆపైన బూడిదలో ముంచాలి. లేకపోతే పెంకులోంచి చిమ్మే జీడి నూనెకు చర్మం ఊడి వస్తుంది. ఏళ్ళ తరబడి అదే అలవాటు. అందుకని ఈ కొత్త యంత్రం ముందుకొచ్చినా వాళ్ళ చేతులు ముందు బూడిద గిన్నెలోకే పోతున్నాయి. మండేదాన్ని దేన్నైనా అలాగే ముట్టుకోవాలని వాళ్ళకు తెలిసిన చదువు.

పలాసలోని ఆ జీడిపప్పు కార్ఖానాలో అంతకుముందు సూరయ్య మేస్త్రీ గేటు దగ్గర నిలబడి, ముఖాలు చూసి లోపలికి పంపేవాడు. సావుకారి కొడుకు యుగంధర్ వ్యాపారం చేతికి తీసుకున్నాక ముఖాలకు విలువ పోయింది. వేలు పడితేనే మనిషి వచ్చినట్టు. పడకపోతే, చెమటలు కక్కుతూ ఎదురుగా నిలబడినా రానట్టే.

అందరికీ అది నేర్పే పని కాంతం నెత్తిన పడింది. ఆమెకు సెల్‌ఫోను వాడడం బాగా వచ్చు. అంతకంటే ముఖ్యం, ఆమె వేళ్ళకు గీతలున్నాయి. పప్పు ఏరి రకాలు కట్టే గదిలో పని కాబట్టి, వేలి గీతల్ని తినేసే జీడి తగలదు. వచ్చిన రోజే యంత్రం ఆమె బొటనవేలిని గుర్తుపట్టి ఆకుపచ్చ దీపం వెలిగించి థాంక్యూ చెప్పింది. యుగంధర్ ముచ్చటపడి ఆ వేలినే యంత్రానికి తాళంచెవి చేశాడు. కొత్త పేరు ఎక్కించాలన్నా, పాత పేరు తీసేయాలన్నా కాంతం బొటనవేలు పడాల్సిందే. తాను ఊళ్ళు తిరిగే మనిషి, తన వేలు కోసి ఇక్కడ పెట్టి వెళ్ళలేడు కదా.

ఆమె నిమ్మకాయలు తెచ్చింది, చింతపండు పులుసుతో రుద్దించింది, కొబ్బరినూనె రాయించింది. ఒకళ్ళకు చిటికెనవేలు పడింది, ఒకళ్ళకు ఎడమచేతి ఉంగరంవేలు పడింది. థాంక్యూ అని వినపడినప్పుడల్లా వాళ్ళు పిల్లల్లా నవ్వుకున్నారు. ఇన్నేళ్ళలో ఆ కార్ఖానాలో వాళ్ళకా మాట చెప్పింది ఆ పెట్టె ఒక్కటే. అది తలుచుకుంటే కాంతానికి ఒళ్ళు మండిపోతోంది.

చివరికి కూర్మమ్మ ఒక్కతే మిగిలింది. వేలు పడనివాళ్ళకు ఈవేళే ఆఖరు, రేపటి నుంచి రానక్కర్లేదని యుగంధర్ నిన్ననే చెప్పేశాడు.

కూర్మమ్మ ముందుకొచ్చి పది వేళ్ళూ చాపింది. అరవై దాటిన మనిషి. నడుం వంగినా భుజాలు మాత్రం కట్టెల మోపు మోసేదానిలా బిగుతుగా ఉంటాయి. గోళ్ళు నల్లగా మాడిపోయాయి. వేళ్ళ కొసలు మాత్రం పొట్టు తీసిన పప్పులా నున్నగా మెరుస్తున్నాయి. వేడి అన్నం కలిపినా వాటికి చురుకు తెలియదు. పది వేళ్ళూ పెట్టించింది కాంతం. పది సార్లూ ఆ తీయని గొంతు పలికింది.

"దీనికి ఓపిక జాస్తీనే," అంది కూర్మమ్మ నవ్వుతూ.

కాంతానికి నవ్వు రాలేదు. ఆ చెయ్యి ఆమెకు కొత్త కాదు. నాన్న సముద్రం మీదికి పోయి తిరిగి రాని ఏడు, గౌను వయసు దాటీ దాటకుండా ఈ షెడ్డులోకి వచ్చిపడినప్పుడు, ఆ చెయ్యే తన చేతిని పట్టుకుని బూడిదలో ముంచింది. పిక్క పట్టే ఒడుపు, పెంకు పగిలే చప్పుడు, పప్పు విరక్కుండా సూదితో లాగడం, అన్నీ ఆమె నేర్పినవే. అయినా కాంతం వేళ్ళు పుళ్ళు పడ్డాయి. జ్వరం తగిలింది. అప్పుడు కూర్మమ్మే పెద్ద సావుకారి కాళ్ళావేళ్ళా పడి, ఆమెను పప్పు ఏరే గదికి మార్పించింది. ఆమె వంతు పిక్కలు కూడా తానే కొడతానని ఒప్పుకుంది, కొట్టింది. ఈ బొటనవేలి మీద గీతలు మిగిలాయంటే ఎవరి చలవ? ఆ సంగతి ఈ దిక్కుమాలిన పెట్టెకు ఎవరు చెప్పాలి?

మధ్యాహ్నం అందరూ సద్ది విప్పుకునే వేళ, కాంతం ఆఫీసు గదికి వెళ్ళింది. కూర్మమ్మను కొన్నాళ్ళు కళ్ళంలో పిక్కలు ఎండబెట్టే పనికి పెట్టమని, జీడి తగలకపోతే గీతలు తిరిగి వస్తాయని, తాను చూసుకుంటానని బతిమాలింది. యుగంధర్ ఫోను మీంచి తల ఎత్తలేదు.

"ఒక్కదాని కోసం పద్ధతి మారుస్తామా కాంతం? వయసు కూడా అయిపోయింది, ఇంట్లో కూర్చోమను. ఆవిడ పేరు తీసెయ్."

"నాను తీసీయాలా బాబూ?"

"నీ వేలే కదా అందులో ఉన్నది."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఫోను లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచి, ఎండలో కాళ్ళు కాలుతున్నా తెలియకుండా, యంత్రం దగ్గరికి వచ్చి నిలబడింది. మీటలు నొక్కితే ముందే ఎక్కించి పెట్టిన పేర్లు వచ్చాయి. కూర్మమ్మ పేరు వచ్చింది. తీసెయ్యాలా అని అడిగింది యంత్రం. ఇక వేలు పెట్టడమే.

ఆమె వేలు కదలలేదు. వెనక నుంచి ఆముదం వాసన తగిలింది.

"పెట్టీయే," అంది కూర్మమ్మ. ఎవరు చెప్పారో, అన్నీ ఆమెకు తెలిసే ఉన్నాయి.

"నాను పెట్టను అత్తా. సంపినా పెట్టను."

"పెట్టకపోతే నిన్నూ పొమ్మంటాడు. నువ్వు కావాలని సేసే పని గాదు, నాకు తెలీదా."

కూర్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. మొదటి రోజు బూడిదలో ముంచినట్టే, బొటనవేలిని మెల్లగా వంచి, గాజు మీద ఆనించింది. ఆకుపచ్చ దీపం వెలిగింది.

థాంక్యూ, అంది యంత్రం.

కూర్మమ్మ తన అంబలి టిఫిను డబ్బా చంకన పెట్టుకుని, నెత్తి మీద కొంగు సర్దుకుంది. రేపు వచ్చేదానిలాగే, ఎల్లొత్తానే అని గేటు దాటి కాశీబుగ్గ రోడ్డు వైపు నడిచిపోయింది. సూరయ్య మేస్త్రీ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. షెడ్డులో పిక్కలు కొట్టే చప్పుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు. దానికి కూడా కాంతానికి కోపం వచ్చింది. వాళ్ళ మీదా, ఆ చప్పుడు మీదా, అందరికంటే ఎక్కువగా తన వేలి మీద.

ఆమె పప్పు ఏరే గదికి వెళ్ళలేదు. షెడ్డులోకి నడిచి, మూలన ఖాళీగా ఉన్న కూర్మమ్మ పీట మీద కూర్చుంది. పిక్కలు చీల్చే మీట కత్తి తన వైపు లాక్కుంది. పిక్క పెట్టి నొక్కింది. పెంకు చిట్లి జీడి బొటనవేలి మీద చిమ్మింది. చురుక్కుమంది. తుడుచుకోలేదు. రెండో పిక్క తీసుకుంది.

సూరయ్య పరుగున వచ్చాడు. "ఒలే, నీకేటైనా పిచ్చా? బూడిద ముంచుకోయే. వారం తిరక్కుండా సేతి ఏళ్ళు పాడైపోతాయి."

"పోనీ మావా," అంది కాంతం తల ఎత్తకుండా. "ఈ ఏలి మీద గీతలుంటే రేపు ఇంకొకరి పేరు తీసీమంటాడు."

ఆ వరసలో ఇద్దరు ముగ్గురు చేతులు ఆపి ఆమె వైపు చూశారు. కాంతం పళ్ళు బిగించి కొడుతూనే ఉంది.

మోకాలి పక్కన కూర్మమ్మ సత్తు గిన్నె ఉంది. అందులో సగానికి పైగా బూడిద, ఆ బూడిదలో పొద్దున దిగిన నాలుగు వేళ్ళ గుంటలు, గీతన్నది లేకుండా నున్నగా.