గడిలో నీలి గుడ్లు

గంగమ్మ కోడికి తోక లేదు. చెంపల మీద మాత్రం గడ్డంలా ఈకలు. బహ్రెయిన్‌లో షేకు తోటలో కోళ్ళు కాసే ఆమె మొగుడు రాజమల్లు, పోయినసారి వచ్చినప్పుడు పాలపొడి డబ్బాలో దూది పరిచి కొన్ని గుడ్లు తెచ్చాడు. నాటుకోడి కింద పొదగేస్తే బతికి బట్టకట్టింది ఇదొక్కటే. ఇది నీలం గుడ్లు పెడుతుందని చెప్పి మళ్ళీ విమానమెక్కాడు. ఊరంతా నవ్వింది. నీలం గుడ్డు సంగతి దేవుడెరుగు, అసలు గుడ్డే కనబడక గంగమ్మకు తల కొట్టేసినట్టుంది. నాలుగు గుడ్లు దొరికితే పొదగేసి ఆ జాతిని నిలుపుకోవాలని ఆమె ఆశ.

ఒకరోజు దొర గడిలో జీతమున్న బాలయ్య వచ్చి గొంతు తగ్గించాడు.

"దొరకు ఎవలో బాణామతి చేసిండ్రు వదినె. పశువుల కొట్టంల గడ్డి మీద నీలం గుడ్లు పడుతున్నయి. అడవిల అన్నలే పెట్టిపిస్తున్నరని దొరసాని ఏడుస్తుంది. గుడ్లను గంపకింద మూసిండ్రు, ముట్టనీకి భయం. ఎల్లుండి పాతిపెట్టి, ఊరు ఇడిచి జగిత్యాలకు పోతరట."

గంగమ్మకు నవ్వాగలేదు. వెట్టి రోజుల్లో ఇంటికో కోడిని పట్టించుకుపోయి తిని బలిసిన దొర శ్యాంసుందర్ రావు, ఇవాళ కోడిగుడ్డుకు వణుకుతున్నాడు. ఆ గడి దర్వాజ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన రోజులు ఆమెకు గుర్తే. మళ్ళీ ఆ గడప తొక్కనని ఒట్టేసుకుంది కూడా. కానీ గుడ్లు పాతిపెడతారంటే ఊరుకోలేక, కొట్టం వైపు దొడ్డిదారిన లోపలికి వెళ్ళి గంప ఎత్తింది.

దొర దూరం నుంచే చేతులూపాడు. "ముట్టకు గంగమ్మా, ముట్టకు తల్లీ." అన్నలు తిరగడం మొదలయ్యాక ఆయన నోటికి వచ్చిన మర్యాద అది.

"గివి నా కోడి గుడ్లు దొర. దాని జాతే గంత." ఒక గుడ్డు పగలగొట్టి గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

ఈమె పడిపోతుందేమోనని దొర కాసేపు చూశాడు. పడిపోలేదు. ఆయన ముఖంలోకి రక్తం వచ్చింది, దాంతోపాటే పాత నోరూ వచ్చింది.

"ఏమే గంగీ, నా కొట్టంల పెట్టిన గుడ్లు నావి గావా? కోడిని గూడ గీడనే ఇడిచిపో."

గంగమ్మకు ఒళ్ళు మండింది. ఇంకో గుడ్డు తీసి ఆయన ముందుకు చాపింది.

"తీస్కోండ్రి దొర. నా లెక్కనే తాగుండ్రి. నాకైతే ఏం గాలే. మీ పేరు మీద పెట్టినయి గద, మీకేమైతదో నాకెర్క లేదు."

దొర చెయ్యి సగం లేచి ఆగిపోయింది. తలుపు చాటు నుంచి దొరసాని "వద్దు, ముట్టకుండ్రి" అని ఏడ్చింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఇంత మనిషికా ఊరు ఇన్నేళ్ళు భయపడిందని గంగమ్మకు అసహ్యమేసింది.

గుడ్లు కొంగులో మూటకట్టుకుని వచ్చి సాయంత్రమే పొదగేసింది. కోడి మాత్రం ఆ కొట్టంలోనే గుడ్లు పెడుతూ వచ్చింది. గంగమ్మ రోజూ వెళ్ళి తెచ్చుకునేది, పెద్ద దర్వాజ నుంచి, కాళ్ళకు చెప్పులతో.