కోట గుమ్మం దగ్గర ముల్లంగి

భార్య మిసన్ పోయాక ఓక్ జేగన్ ఆమె ఆడే కంప్యూటర్ ఆటలోకి దిగాడు. అందులో మిసన్ వైద్యురాలు. పేరు ముల్లంగి. ప్రతి ఆదివారం సాయంత్రం వాళ్ల దండు కోట కోసం పోరాడుతుంటే, పడిపోతున్నవాళ్లకు ఆమె ప్రాణం పోసేది. ఆ చోటు ఇంకొకరికి పోకూడదని జేగన్ పంతం. ఆమె ఉన్నన్నాళ్లూ అతను ఆ తెర వైపు తల తిప్పలేదు.

పాత కంప్యూటర్ ముక్కుతూ నడిచేది. యోంగ్సాన్ ఎలక్ట్రానిక్స్ బజారుకి వెళ్లి అన్నిటికన్నా పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. దేనిలో పెడతారని కొట్టతను అడిగితే, "కంప్యూటర్‌లో" అన్నాడు. ఇంటికొచ్చి, పొద్దున్నే నరమానవుడు లేని కోట ముందు ముల్లంగిని పరుగెత్తించి చూశాడు. గడ్డిపోచలు కూడా విడివిడిగా కనిపించాయి. తృప్తిపడ్డాడు.

ఆదివారం మూడొందలమంది వచ్చారు. ముల్లంగి కొయ్యబారింది. మళ్లీ కదిలేసరికి సగం దండు నేలమీద ఉంది.

"బావగారూ, ఉన్నారా, పోయారా?" చెవిలో నమ్ యంగ్జా గొంతు. దండుకు నాయకురాలు. తేగు నగరంలో పచ్చళ్లూ కూరలూ అమ్ముతుంది. మిసన్‌ని అక్కా అని పిలిచేది కాబట్టి ఇతను బావ అయ్యాడు.

"కంప్యూటర్ ఆగిపోయింది."

"లోపల ఏమేం ఉన్నాయి?"

చెప్పాడు. ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"అంత కార్డుకి ఆ ముసలి ప్రాసెసరా! ఇంతమందిలో ఎవరెక్కడున్నారు, ఎవరు ఎవర్ని కొట్టారు, అంతా లెక్కేసేది అదేనండీ. కార్డు బొమ్మ గీస్తుంది, అంతే. లెక్క అందేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. తలుపులో పట్టని ఫ్రిజ్ కొన్నారని అక్క చెప్తే నమ్మలేదు నేను."

"తలుపు చిన్నది."

"అవును, తలుపుదే తప్పు. వచ్చే ఆదివారం కూడా ఇలాగే అయితే ముల్లంగి చోటు వేరేవాళ్లకిస్తా. బావగారని చూడను."

జేగన్ కార్డు వెనక్కిచ్చాడు. కొట్టతను నవ్వలేదు. అందుకే ఇంకా మండింది. మధ్యరకం కార్డు, దానికి సరితూగే ప్రాసెసర్, అది కూర్చునే బోర్డు, జతగా మెమరీ, వీటన్నిటి ఆకలి తీర్చే పవర్ సప్లై తీసుకున్నాడు. ఎవరికైనా చూపించుకోవడానికి అందులో ఒక్కటీ లేదు. ఈసారి ఆటలోని సంత మధ్య, జనం కిటకిటలాడే చోట నడిపించి చూశాడు.

ఆదివారం కంప్యూటర్ ఒక్కసారీ ఆగలేదు. శత్రువు గొడ్డలి ఎత్తడం, దించడం, గుమ్మం కాస్తున్నవాడు ఒరిగిపోవడం, అన్నీ శుభ్రంగా కనిపించాయి. ఎవరికి ముందు ప్రాణం పోయాలో జేగన్‌కి తోచలేదు. వెనక దెబ్బే తగలకుండా నిలబడ్డవాడికి మందంతా పోశాడు. కోట పోయింది.

"బావగారూ, ఆగిందా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది.

"లేదు. నాకు చేతకాలేదు."

"అక్క ఎవర్ని ముందు చూసేదో తెలుసా?"

"తెలీదు. ఎప్పుడూ చూడలేదు."

యంగ్జా ఓదార్చలేదు. "గుమ్మం దగ్గరున్నవాణ్ని. రేపు కొట్టు కట్టేశాక నేర్పుతా. చోటు మాత్రం ఇచ్చేశాను."

"ఎవరికి?"

"చేతనైనవాడికి. ముల్లంగి వెనక వరసలో ఉంటుంది."

రేపు కొట్టు ఎప్పుడు కట్టేస్తావని అడిగాడు.