మలుపు దగ్గర ఆగిన కనక

విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద "అందరికీ అవకాశం" అని బ్యానర్ కట్టారు. అవకాశాన్ని ఆకాశంలోనే కట్టారు, ఎవరికీ అందకుండా. ట్రయాథ్లాన్ అట. ముందు ఈత, తర్వాత సైకిలు, చివర పరుగు. కాళ్లు సహకరించనివాళ్లకి వేరే పందెం: సైకిలంటే చేత్తో తిప్పే మూడు చక్రాల బండి, పరుగంటే చంకకర్రల మీద నడక.

అరకు పైన కొండమీది ఊరి నుంచి కనక వచ్చింది. చిన్నప్పుడే పోలియో. కాలూ కలిసిరాలేదు, కాలమూ కలిసిరాలేదు. చేతులు మాత్రం కొండ గెడ్డ నీళ్లలో ఎదురీది గట్టిపడినవి. కాఫీ పండించే ఊరి పిల్లకి కప్పుతో పనేమిటి? ఆడవాళ్లలో మొదటొచ్చినవాళ్లకి ఒక కంపెనీ ఇస్తానన్న మూడు చక్రాల స్కూటరు మీదే ఆమె కన్ను.

అరకులో వరహాలరావు ఎస్టీడీ బూత్ తెరుస్తున్నాడు. "రోజూ టయానికి దిగొస్తే కుర్చీ నీదేనమ్మా. బండి మాత్రం నువ్వే సూసుకో" అన్నాడు. ఎన్నో ఆఫీసుల్లో బూతులు తిన్నాక, బూత్ అన్న మాట చెవికి తియ్యగా తగిలింది.

ఆశ్రమ పాఠశాల వ్యాయామ మాస్టారు లక్ష్మీప్రసాద్ ఆమెనీ, ఆమె అయ్య సోంబరునీ రైలెక్కించి తెచ్చాడు. ఈతలో కనకే ముందు. బండిలోనూ కనకే. కర్రలందుకుని చివరి మలుపు చేరేసరికి వెనక మనిషి జాడ లేదు. ఎదురుగా రంగు కాగితాల ద్వారం, అడ్డంగా రిబ్బను. కనక ఆగింది. కర్రలు చంకలో నొక్కి వెనక్కి తిరిగి నిలబడింది.

"నడువు కనకా! కండరం పట్టేసిందా?" మాస్టారు గొంతు చించుకున్నాడు.

"లేదు మాస్టారూ. ఎనకాలోలు రావాల!"

వాళ్ల ఊళ్లో శుక్రవారం సంతకి ఆడవాళ్లు వరసగా దిగుతారు. ముందు నడిచే మనిషి ఆఖరి మలుపు దగ్గర ఆగాలి. మలుపు ఎవరు ముందు చేరితే వాళ్లే ఆవేళ మొదటివాళ్లు. చివరి మనిషి వచ్చాకే అందరూ కలిసి సంతలో అడుగుపెడతారు. ఇన్నేళ్లూ ఆ చివరి మనిషి కనకే. ఇవాళ తనకోసం ఇంకొకరు కాక, ఇంకొకరి కోసం తనే ఆగడం, ఆమె మొహంలో పండగలా ఉంది.

పట్నం అమ్మాయి ఉమామహేశ్వరి రొప్పుతూ వచ్చింది. "ఏమైందండీ?"

"ఏటీ అవలేదు. రండి, మీకోసమే!"

ఆమె ఒక్క క్షణం చూసింది. చూసి, దాటిపోయింది. రిబ్బను తెగింది. ఆ తర్వాతి అమ్మాయీ దాటింది, ఆ తర్వాతి అమ్మాయీ దాటింది. చివరగా వచ్చిన పెద్దావిడతో కలిసి కనక నవ్వుతూ ద్వారం దాటింది.

మైకులో స్కూటరు ఉమామహేశ్వరిదని చెప్పారు.

"మలుపు కాడికి నానే ముందొచ్చేను మాస్టారూ! అందరూ సూసేరు!"

కనకకి "స్పోర్ట్స్‌మన్ స్పిరిట్" అని ఒక సర్టిఫికెట్టు ఇచ్చారు. స్పిరిట్ పుండు మీద పూస్తే ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు, ఆస్పత్రిలో చాలాసార్లు పూశారు.

రైల్లో సోంబరు ఒక్క మాటే అన్నాడు: "ఆల్లకి సంత లేదేమోనే."

శుక్రవారం ఎప్పటిలాగే ఆడవాళ్లు గంపలు దించి మలుపు దగ్గర ఆగారు.

"ఒలే కనకా, బేగి రాయే! నీకోసమే ఆగినాం!" యర్రమ్మ కేకేసింది.

"ఆగమని నానడిగేనా పిన్నీ?"

"అదేటే, ఎప్పుడూ నేని మాట?"

కనక వచ్చింది. ఆగలేదు. కర్రలు టకటకలాడిస్తూ వాళ్ల గంపల పక్కనుంచి దాటి, వెనక్కి చూడకుండా ఒక్కతే సంతలోకి దిగిపోయింది. అక్కడ రిబ్బను లేదు.

రావలసినవాళ్లు ఇంకెవరూ లేరు. అయినా ఆ ఆడవాళ్లు గంపలెత్తకుండా కాసేపు మలుపు దగ్గరే నిలబడ్డారు.