పేర్లు రాయని కూతుళ్లు

పాస్టరుగారు బైబిల్లో ఏ పేజీ తెరిచినా చివరికి తప్పిపోయిన కుమారుడి కథ దగ్గరికే చేరేవారు. "తండ్రి దూరం నుంచి చూసి..." అని ఆయన అనగానే ముందు వరస పిల్లలు "పరుగెత్తుకొచ్చాడు!" అని అందుకునేవారు. పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అంటే ఎంత ఓపికైనా ఎన్నాళ్లుంటుంది?

"కోపం తెచ్చుకోకండి అయ్యగారూ," అన్నాడు సంఘపెద్ద. "ఈ ఆదివారం కూడా జనం కునుకు తీస్తే, సాయంత్రం కమిటీలో వేరే పాస్టరు మాట ఎత్తాల్సిందే."

పాస్టరుగారికి బాధ కలిగింది కానీ బెదరలేదు. ఇంటికెళ్లి బైబిల్లో నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం తీశారు.

"అదంతా పేర్లే కదండీ!" భార్య గరిటె పట్టుకునే వచ్చింది. "హాజరు పిలిచినట్టుంటుంది."

"పిలిచి చూద్దాం. పలికేవాళ్లు పలుకుతారు."

ఆదివారం సగం మందికి ఆ గ్రంథం ఎక్కడుందో దొరకలేదు. ఆయన తొందరపడలేదు. కూలిన పట్టణపు గోడను ఎవరింటి ముందు భాగం వాళ్లే కట్టుకున్న కథ చెప్పారు. కంసాలి రాళ్లు మోశాడు. అత్తరు చేసేవాడు కూడా చేతులకు మట్టి అంటించుకున్నాడు. కొందరు దొరలు మాత్రం మెడ వంచలేదు. ఆ మాట ఎవరివైపూ చూడకుండా చదివారు.

"ఒకాయన కూతుళ్లను వెంటబెట్టుకొచ్చాడు. ఆ పిల్లల పేర్లు ఎవరూ రాయలేదు. పోనీ, మన గుడి కట్టినవాళ్ల పేర్లయినా మనకు తెలుసా?"

జవాబు కోసం ఆయన నింపాదిగా నిలబడ్డారు.

రిటైరైన నర్సమ్మ లేచింది. "కిటికీ పక్క గోడకి ఇటుకలందించింది నేనే. అప్పుడు నిండు నెలలు."

"వైరింగు మా నాన్న చేశాడండీ," అన్నాడు బస్సు డ్రైవరు.

ఇక ఒకరి మాటకు ఒకరు అడ్డొచ్చారు. ఎప్పుడూ గురకపెట్టే తాతగారు తలుపులు చేసింది తనేనని పోట్లాటకు దిగాడు. పాస్టరుగారి గుండె నిండిపోయింది.

చివరికి సంఘపెద్ద లేచాడు. అందరూ ఆయనవైపే చూశారు.

"గుమ్మం దగ్గర పాలరాతి మీద నా పేరొక్కటే ఉంది," అన్నాడు. "నేను ఒక్క ఇటుక మోసిన పాపాన పోలేదు. సాయంత్రం కమిటీలో ఆ రాయి మార్చే సంగతి మాట్లాడుకుందాం."