కిందికి చూడని బాతు

మా అమ్మాయికి ఆ పని తెచ్చిపెట్టింది జలుబు. పోగొట్టబోయింది నేను.

పాత బొమ్మల సినిమాలకు కొత్తగా మాటలు పెట్టే డబ్బింగ్ థియేటర్ అది. ఒక బాతు, ఒక పిల్లి. రెండూ సిగ్గులేకుండా మాట్లాడతాయి. పిల్లి సుత్తితో మోదితే బాతు అట్టముక్కలా చదునైపోతుంది, మరుక్షణం లేచి టోపీ సర్దుకుంటుంది. మేడ అంచు దాటి గాల్లో నడిచేస్తుంది. కిందికి చూసేదాకా పడదట! ఏడు నిమిషాల ఈ వెర్రికి పెద్దమనుషులు నలుగురు తలుపులేసుకుని కూర్చుంటారు. నవ్వు ఒక్కరికీ రాదు.

బాతు మాటలకు మనిషి కోసం పరీక్ష పెట్టిన రోజు మా పిల్ల గొంతు బొంగురుపోయి ఉంది. "బాతంటే ఇదీ!" అని దర్శకుడు గంతేశాడట. గళ్ళచొక్కా తప్ప ఇంకో చొక్కా ఎరగని మనిషి. అది జలుబని అతనికి తట్టలేదు. అదంతా తన నటనే అనుకుంది మా పిల్ల. ఈ ఒక్కటి కుదిరితే ఇరవై ఆరు సినిమాలకూ తనే బాతు. మూడేళ్ళుగా ప్రతి గడపా ఎక్కి దిగిన పిల్లకు అది చిన్న మాటా?

నా భయం నాది. గొంతుతో చేసే పని, గొంతేమో ఇలా ఉంది. లోపల పుండేమో? రేపు మాటే పడిపోతే? నా బుర్ర ఆపరేషన్ దాకా వెళ్ళిపోయింది. నాలుగు రోజులు ఆవిరి పట్టించాను, ఉప్పునీళ్ళు పుక్కిలింపించాను, తేనె నాకించాను. నోరు విప్పితే ఊరుకోనని కాగితం, పెన్సిలు చేతికిచ్చాను.

రికార్డింగ్ రోజు ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పట్టుకుని నేనూ వెళ్ళాను. మైకు ముందు మా పిల్ల నోరు తెరిచింది. గంట కొట్టినట్టుంది గొంతు.

"బాతేదమ్మా?" అన్నాడు గళ్ళచొక్కా. "ఈ గొంతుతో రైళ్ళ వేళలు చెప్పుకోవచ్చు. గంట టైమిస్తున్నా. ఆలోగా బాతు రాకపోతే, బయట ఇంకో అమ్మాయి ఉంది."

వరండాలోకి వచ్చి పడ్డాం.

"నీ తేనె వల్లేనమ్మా," అంది పిల్ల మెల్లగా.

మా ఇంట్లో గొంతు పోయేది రెండిటికే. జలుబుకి, నాతో పోట్లాటకి. జలుబు గంటలో రాదు.

"పోనీలే, మంచిదే అయింది. బాతులా అరవడం కూడా ఒక బతుకేనా?" అన్నాను.

"అమ్మా, ఇప్పుడొద్దు."

"మొదటి ఇంటర్వ్యూకి వాన పడుతోందని నిన్ను పోనివ్వలేదు చూడు, అదే సరైన పని. వెళ్ళి ఏం ఊడబొడిచేదానివి?"

దాని ముఖం ఎర్రబడింది. "వాన కాదు, మబ్బు! మబ్బు పట్టిందంతే! ఈత నేర్చుకుంటానంటే మునుగుతానన్నావు. సైకిలంటే కాలు విరుగుతుందన్నావు. స్నేహితురాళ్ళతో ఊరెళ్తానంటే గుండె నొప్పని మంచమెక్కావు!"

"నొప్పొచ్చింది నిజంగానే!"

"మర్నాడు పరదాలుతికావు!"

అన్నీ నిజాలే. ఒక్కొక్కటీ వచ్చి నాకే తగిలింది. అయినా మధ్యమధ్య ఎగదోస్తూనే ఉన్నాను. అరగంట గడిచేసరికి "నన్నేనాడైనా బతకనిచ్చావా?" అన్న మాట సగంలో చీలి, బొంగురుగా, కీచుగా బయటపడింది.

తలుపు భళ్ళున తెరుచుకుంది. "అదీ! అదే గొంతు! లోపలికి రామ్మా!" అన్నాడు గళ్ళచొక్కా. కడుపు మండి అరిస్తే కామెడీ దొరికిందని సంబరం, మహానుభావుడికి.

పిల్ల గుమ్మంలో ఆగి నావైపు తిరిగింది. "కావాలనే అన్నావా?"

"వెళ్ళు. నీళ్ళడక్కు."

అద్దం అవతల మా పిల్ల గొంతు చించుకుంది. తెరమీద ఆ వెర్రి బాతు గాల్లోకి అడుగేసింది. నాకు నవ్వు రాలేదు. నరమేదైనా తెగుతుందేమోనని భయం. అయినా ఫ్లాస్కు మూత మీద చెయ్యి వేసి, తియ్యకుండా, బిగించి పట్టుకున్నాను.