పెద్దాయన అనని మాట

దేశాన్నేలే పెద్దాయన ప్రసంగాలను ఏటి అవతలి దేశపు భాషలోకి మార్చి చెప్పే పని పద్నాలుగేళ్లుగా ఆ దుబాసీదే. అద్దాల గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుని, పెద్దాయన నోట మాట వచ్చిన మరుక్షణం రేడియోలో అవతలివాళ్లకు వినిపించేవాడు. పెద్దాయన ‘తోలు వలుస్తాం’ అంటే దుబాసీ ‘తగిన సమాధానం చెబుతాం’ అనేవాడు. ఏటి మీద వంతెన ఇన్నేళ్లూ తెరిచే ఉందంటే అందులో తన చలవ కూడా కొంత ఉందని లోలోపల మురిసిపోయేవాడు. అతని అక్కను ఇచ్చింది ఆ ఒడ్డు ఊరికే.

ఆరు నెలల క్రితం కొత్తమ్మాయి చేరింది. ఆమె ఏ మాటనూ చల్లార్చదు. ఎంత ఘాటుంటే అంత ఘాటుగా చెప్పేస్తుంది. అవతల గగ్గోలు మొదలైంది. ఇవతల పెద్దాయన పొంగిపోయాడు.

“ఇన్నాళ్లకి నా గొంతు దొరికిందమ్మా” అన్నాడు ఆమెతో, అందరి ముందూ.

దుబాసీని ఉత్తరాల అనువాదానికి మార్చారు. ఆమె గొంతు వినకూడదనుకుంటూనే తలుపు దగ్గర నిలబడి వినేవాడు. ఒక్క తప్పయినా దొరక్కపోతుందా అని రికార్డులు తిప్పి తిప్పి విన్నాడు. దొరకలేదు. ఆమె నవ్వుతూ నమస్కారం పెట్టినా అతనికి ఒళ్లు మండేది.

ఒక మంగళవారం ఆమెకు జ్వరం వచ్చి, అతన్ని పిలిచారు.

“వంతెన జోలికొస్తే ఊరుకునేది లేదు” అన్నాడు పెద్దాయన.

దుబాసీకి ఆ క్షణంలో కొత్తమ్మాయే గుర్తొచ్చింది. నిప్పు ఆమె ఒక్కదాని నోట్లోనే ఉందా అనుకున్నాడు. “వంతెన దాటొచ్చి మీ ఇళ్లలో కూర్చుంటాం” అన్నాడు మైకులో. ఒళ్లు తేలికైనట్టనిపించింది.

తెల్లారేసరికి అవతలి ఒడ్డున ఫిరంగులు బారులు తీరాయి. అక్క ఫోన్ చేసింది.

“ఒరేయ్, మీ పెద్దాయన మా ఇళ్ల మీదికొస్తాడంటగా. మీ బావ సామాను సర్దుతున్నారు. రేడియోలో గొంతు నీదేనన్నారు. వాడలా అనడండీ, ఎవరో అయ్యుంటారని చెప్పా.”

అతను ఏదో గొణిగి ఫోన్ పెట్టేశాడు.

ఆఫీసుకు వెళ్లేసరికి కొత్తమ్మాయి నీరసంగా కూర్చుని రికార్డు వింటోంది. హెడ్‌ఫోన్లు తీసి అతని వైపు ఒక కాగితం జరిపింది.

“సార్, ఆయన ఆ మాట అనలేదు. సవరణ రాసిపెట్టాను. నేను ఎవరికీ చెప్పలేదు, మీరే తీసుకెళ్లండి.”

తిట్టి ఉంటే బాగుండేది. ఈ మంచితనంలోనూ ఆమెదే పైచేయి అయిందని కుమిలిపోతూ కాగితం పట్టుకుని లోపలికి వెళ్లాడు.

పెద్దాయన చదివి నవ్వాడు. “ఏవయ్యా, ఈ మాట నీదా? మన ఊళ్లన్నీ సంబరంతో ఊగిపోతున్నాయి. ఆ అమ్మాయి నేర్పిందా నీకు?”

“తప్పు నాదేనండి. సవరణ ఇస్తే ఫిరంగులు వెనక్కెళ్తాయి.”

“ఇప్పుడు వెనక్కి తగ్గితే పిరికివాణ్ణంటారు. ఎల్లుండి సభలో నేనే అంటా.”

ఆ సంగతి విన్న కొత్తమ్మాయి సంచి సర్దుకుంది. “ఆయన అన్నది అన్నట్టు చెప్పడమే నా పననుకున్నా సార్. ఇది మాత్రం నా నోట రాదు” అని వెళ్లిపోయింది.

సభ రోజున అద్దాల గది మళ్లీ అతనిదైంది. పెద్దాయన ఆ మాట అన్నాడు. దుబాసీ దాన్ని ఎంత మెత్తగా చెప్పినా అవతల ఎవరూ నమ్మలేదు. అప్పటికే వాళ్లు సొంత దుబాసీలను పెట్టుకున్నారు. వంతెన మూశారు. నలభై రోజులు రెండు ఒడ్లూ ఫిరంగులు గురిపెట్టుకుని ఉన్నాయి. యుద్ధమైతే రాలేదు గానీ వంతెన తెరవలేదు. అక్కావాళ్లు ఎక్కడో లోపలి ఊరికి తరలిపోయారు.

కొత్తమ్మాయి ఒక బడిలో పిల్లలకు ఏటి అవతలి భాష నేర్పుతోందని కొన్నాళ్లకు తెలిసింది. ఒక సాయంత్రం ఆ బడి కిటికీ పక్కగా నడుస్తూ ఆమె గొంతు విని ఆగాడు. నీళ్లు, రొట్టె, అక్క, తమ్ముడు అని పలికిస్తోంది. ఆమెను చూసి కుళ్లుకోవడం అతనికి అలవాటే. ఈసారి మాత్రం, ఆమెలా తను ఆ అద్దాల గదిలోంచి ఎందుకు లేచి రాలేకపోయాడా అని కుళ్లుకున్నాడు.