రెండుంబావుకి దిగే కూర

“మొత్తం పద్నాలుగు మందిమి. ఒంటిగంటకల్లా వడ్డించెయ్,” అన్నాడు భర్త, ఫోను జేబులో పెట్టుకుంటూ.

సెలవు రోజు, ఉదయం పది గంటలు. ఆయన తమ్ముడు పెళ్ళాం పిల్లలతో అప్పటికే దిగాడు. ఇప్పుడు భర్త తన ఆఫీసు స్నేహితులు నలుగురిని కూడా రమ్మన్నాడు.

ఆమె బడిలో ఏడో తరగతికి లెక్కలు చెబుతుంది. ఆరుగురికి కిలోన్నర మాంసమైతే పద్నాలుగు మందికి మూడున్నర కిలోలు. ఇంట్లో పెద్ద గిన్నె ఒక్కటే, అందులో రెండు కిలోలకు మించి పట్టదు. అంటే రెండు వాయిలు, వాయికి గంటా పావు. కడగడం, తరగడం, నూరడం ఒక్క మనిషికి గంటా ముప్పావు. చివరి వాయి దిగేసరికి రెండుంబావు. అదే ముగ్గురు చేతులు కలిపితే ముందుపని ముప్పై అయిదు నిమిషాల్లో తెమిలిపోతుంది, ఒంటిగంట దాటీ దాటగానే అందరూ తినొచ్చు.

హాల్లోకి వెళ్ళి అదే చెప్పి, అన్నదమ్ములిద్దర్నీ వంటింట్లోకి రమ్మంది.

“ఇది నీ క్లాసు కాదు టీచరమ్మా,” భర్త నవ్వాడు. “చుట్టంగా వచ్చినవాడి చేత ఉల్లిపాయలు కోయిస్తావా?”

మరిది పేపరు తిరగేశాడు. తను ముప్పై మందికి ఒంటిచేత్తో వండేదాన్నని, అప్పుడీ లెక్కలూ గిక్కలూ ఎరగమని అత్తగారు గుర్తుచేసింది. తోడికోడలు మాత్రం చంటిదాన్ని చంకనేసుకుని లేవబోయింది.

“నువ్వు కూర్చోమ్మా,” అంది ఆమె. “నువ్వొస్తే పని తెములుతుంది గానీ, ఈ ఇంటి లెక్క మారదు.”

ఇన్నేళ్ళూ ఇలాంటప్పుడు ఆమె టిఫిను మానేసేది, మంట పెంచేది, పులుసులో నీళ్ళు కలిపి అందరికీ సరిపెట్టేది. చివరికి సింకు దగ్గర నిలబడి, చల్లారిన గిన్నె ఊడ్చుకుని తినేది. నీ చేతిలో ఏదో మహిమ ఉందని భర్త నలుగురిలో మెచ్చుకునేవాడు. ఆ మాటకి తను సిగ్గుపడి నవ్వేది. ఈసారి మంట పెంచలేదు, నీళ్ళు కలపలేదు.

సరిగ్గా ఒంటిగంటకు మొదటి వాయి దిగింది. రెండోది పొయ్యెక్కించి, మంట తగ్గించి, కంచాలు పరిచింది. రెండు కిలోలు, ఎనిమిది మందికి. అయిదుగురు పిల్లల్ని, తోడికోడల్ని పిలిచింది. మొగవాళ్ళు తిననిదే ఎలాగని గొణుగుతున్న అత్తగారి చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. ఎనిమిదో కంచం ముందు తను కూర్చుంది.

స్నేహితుల్ని హాల్లో వదిలి భర్త గుమ్మంలోకొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. “మరి మేము?”

“రెండుంబావుకి.”

ఆమె తల వంచుకుని అన్నం కలుపుకుంది. కూర పొగలు కక్కుతుండగా తను తిని ఎన్నేళ్ళయిందో, ఎంత ఆలోచించినా ఆ లెక్క తేలలేదు.